పగడపు దిబ్బమీద 34 గంటలు

ఇంగ్లీషువారు ‘కర్నాటిక్’ అని పిలిచిన సీమ నేటి కన్నడ రాష్ట్రము కాదు. తూర్పుకనుమలకును బంగాళాఖాతమునకును నడుమ, ఆర్కాటు నవాబు ఏలుబడిలో నుండి 1801లో కుంపిణీవారి వశమైన దేశభాగమునకు వారు పెట్టుకొన్న పేరది; మన నెల్లూరును ఒంగోలును ఆ సీమలోనివే. ఆ పేరు మోసిన ఆవిరి ఓడ యొకటి 1862 డిసెంబరులో లండను నగరమున నీట దిగి, ఆరేండ్లకు పైగా తూర్పు సముద్రములలో టపాను, ప్రయాణికులను మోసి, సూయజు కాలువ తెఱచుటకు రెండు నెలలే యున్నదనగా, ఎఱ్ఱసముద్రపు ఉత్తరపు కొసన ఒక పగడపు దిబ్బమీద రెండు ముక్కలయ్యెను.

ఓడలు మునుగుట ఆ శతాబ్దమున అరుదు కాదు. అయినను కర్నాటిక్ కథను నేనింత శ్రద్ధతో చెప్పబూనుటకు ఒక కారణము కలదు. ఆ ఓడ దిబ్బను తాకిన రాత్రి ఒక్క ప్రాణమైనను పోలేదు. పోయిన 31 ప్రాణములును 34 గంటల తరువాత, పట్టపగలు, దీవి యొకటి కనుచూపు మేరలో నుండగా పోయినవి. ఆ నడిమి గంటలలో ఓడ పైకి కొండవలె నిలకడగా నుండెను; లోన దాని యినుము క్షణక్షణమును ఎట్టి శ్రమకు లోనగుచుండెనో చూడగల కన్ను ఎవరికిని లేకపోయెను.

కాలువ లేని ఆ కాలమున, ఇంగ్లండునుండి మన దేశమునకు రావలసిన జాబులు, జనులు, బంగారము సౌతాంప్టనులో ఓడనెక్కి, అలెగ్జాండ్రియాలో దిగి, కైరో మీదుగా భూమార్గమున సూయజు చేరి, అక్కడ మఱియొక ఓడ నెక్కవలసియుండెను. 1858 నాటికి ఆ భూమార్గము పొడవునను రైలు పడినది. పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ కంపెనీ, అనగా పి. అండ్ ఓ. వారు, ఈ మార్గమునకు ఇటు అటు వేఱువేఱు ఓడలను నడుపుచుండిరి. సూయజుకు తూర్పున పనిచేయవలసిన ఓడ ఇంగ్లండులో తయారై, ఆఫ్రికా దక్షిణాగ్రమును ఒకసారి చుట్టివచ్చినదా, అత్తవారింట అడుగుపెట్టిన కోడలివలె ఇక తన బ్రతుకులో పెద్దభాగము ఇటువైపుననే గడుపవలసినది. ఇటు తిరుగు ఓడలకు కంపెనీవారు మన దేశపు ఊళ్ల పేళ్లు, సీమల పేళ్లు పెట్టుట వాడుక. వారికి గోల్కొండ యను ఓడయు ఉండెను.

ఆ ఓడలకు బొగ్గు ఎక్కడిది? వేల్సు గనులలో త్రవ్విన బొగ్గును తెఱచాప ఓడలు నెలల తరబడి ఆఫ్రికాను చుట్టి ఏడెను రేవునకు మోసితెచ్చెడివి. గాలికై ఎదురుచూడనక్కరలేని ఆవిరి ఓడ తన యాహారమునకు మాత్రము గాలివాటు ఓడనే నమ్ముకొనవలసివచ్చెనన్నమాట. ఏడెనులో రాశిపోసిన ప్రతి టన్ను బొగ్గును ఎంత ప్రియమో, దానిని మిగుల్చు ప్రతి ఉపాయమును కంపెనీకి అంత ప్రియము. కర్నాటిక్ పుట్టుక ఈ అవసరమునుండియే.

లండనులో థేమ్సు నది యొడ్డున, డాగ్స్ దీవి యనుచోట, సముడా సోదరుల కార్ఖానాలో దానిని కట్టిరి. పొడవు 294 అడుగులు, వెడల్పు 38 అడుగులు, 1,776 టన్నుల ఓడ. ఆవిరికి తోడుగా తెఱచాపలును ఉండెను. యంత్రమును పూర్తిగా నమ్మిన కాలము ఇంకను రాలేదు. గంటకు 12 నావిక మైళ్లు పోగల ఈ ఓడలోని అసలైన విశేషము, హంఫ్రీస్ అండ్ టెనెంట్ సంస్థవారు తయారుచేసిన దాని యంత్రము. దానిని గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలెను.

పాతరకపు యంత్రములో ఒకే సిలిండరులోనికి ఆవిరి వచ్చి, ముషలకమును త్రోయుచు వ్యాకోచించి, తన బలమునంతయు అక్కడనే ఖర్చుపెట్టి వెడలిపోవును. వ్యాకోచించినకొలది ఆవిరి చల్లబడును. పోవుచు పోవుచు సిలిండరు గోడలను కూడ చల్లబఱచిపోవును. మరుక్షణమున బాయిలరునుండి వచ్చిన క్రొత్త ఆవిరి ఆ చల్లని గోడలను తాకగానే, అన్నపుగిన్నె మూత లోపల బొట్లు కట్టినట్లు, కొంత నీరైపోవును. నీరైన ఆవిరి ముషలకమును త్రోయదు. దానిని పుట్టించుటకు కాల్చిన బొగ్గు కాల్చినట్లే యుండి, పని మాత్రము జరుగదు. ఏడెనులో బంగారపు ధర పలుకు బొగ్గు ఈ విధముగా గోడలపాలగుచుండెను.

ఆవిరిని ఒక్కచోటనే పూర్తిగా వ్యాకోచింపనీయక, మొదట చిన్న సిలిండరులో కొంతవఱకు, అక్కడినుండి పెద్ద సిలిండరులోనికి పంపి అక్కడ మిగిలినంతవఱకు వ్యాకోచింపజేసినచో, ఏ సిలిండరులోను వేడికిని చల్లదనమునకును నడుమ అంత పెద్ద అంతర ముండదు. గోడలు అంతగా చల్లబడవు. ఆవిరి అంతగా నీరు కాదు. హంఫ్రీస్ గారు చిన్న సిలిండరును పెద్దదానిపై నిలిపి, రెండు ముషలకములను ఒకే కడ్డీకి కూర్చి, అట్టి జంటలు రెండింటిని ఓడలో అమర్చెను. 1861లో మూల్తాన్ అను ఓడలో ఈ పద్ధతిని మొదట పరీక్షించినప్పుడు పాతయంత్రములు తిను బొగ్గులో ఇంచుమించు సగముతో పని జరిగినదట. కర్నాటిక్ ఆ పరంపరలోని తొలి ఓడలలో ఒకటి.

క్రొత్తవస్తువునకు బాలారిష్టములు తప్పవు. ఈ జంట సిలిండర్ల యంత్రములు మాటిమాటికి మొరాయించుటచే కంపెనీ కొన్ని ఓడలనుండి వానిని ఊడబెఱికి, పాతరకమునే మరల బిగించెను. అదే దశకమున లివర్పూలు నివాసి ఆల్‌ఫ్రెడ్ హోల్ట్ అధికపీడనపు ఆవిరితో అదే సూత్రమును పట్టుదలగా సాధించి, 1866లో తన అగమెమ్నాన్ ఓడను లివర్పూలునుండి మారిషస్ దీవి వఱకు నడుమ ఎచ్చటను బొగ్గు ఎక్కింపకయే నడిపించెను. అటుపిమ్మట ప్రపంచమునంతటను ఓడలు ఈ త్రోవనే పట్టినవి. పేరు హోల్ట్‌దైనను, ఎండలో, ఉప్పునీటిలో, వేయి చిక్కులతో ఆ త్రోవను త్రొక్కిచూచిన కర్నాటిక్ వంటి ఓడల ఋణము తక్కువది కాదు.

1869 సెప్టెంబరు 12వ తేది ఉదయమున కర్నాటిక్ బొంబాయికై సూయజు విడిచెను. ప్రయాణికులు 34 మంది. వారిని చేర్చుటకు పనిచేయువారు 176 మంది. సూయజుకు తూర్పున తిరుగు పి. అండ్ ఓ. ఓడలలో చుక్కాని పట్టినది మొదలు బొగ్గు ఎగద్రోయువఱకు కష్టపు పనులు పెక్కు మన దేశపు ఖలాసీలును, వారిపై సారంగులును చేయుచుండుట వాడుక. ఓడలో ప్రత్తిబేళ్లు, రాగిరేకులు, టపాసంచులు, సీసాలలో ద్రాక్షసారాయము, సోడానీరు ఉండెను. వీటికి తోడు 40,000 పౌనుల విలువగల బంగారము. సవరను ఒక్కొక్కటి 8 గ్రాములకు కొంచెము తక్కువ తూగును గనుక, అంతయు సవరనులే యైనచో అది 320 కిలోలకు దగ్గరి బరువు.

సూయజు సింధుశాఖ సన్ననిది; దాని దక్షిణపు కొసన, ఎఱ్ఱసముద్రములో కలియుచోట, దీవులును దిబ్బలును చెల్లాచెదరుగా పడియున్నవి. అక్కడ రాత్రి ఓడ నడుపుట ఎంత చిక్కో ఎఱిగినవాడు గనుకనే కెప్టెను జోన్స్ తానే మేడపై నిలిచియుండెను. అర్ధరాత్రికి ముందు అష్రఫీ దీపస్తంభపు వెలుగు కనబడెను; ఓడ దిక్కు మార్చిరి. ఒంటిగంట వేళకు షద్వాన్ దీవి నీడవలె తోచెను. ఆ వెంటనే ముందు తెల్లని నురుగుచాలు కనబడెను. చుక్కాని త్రిప్పిరి, యంత్రమును వెనుకకు నడిపిరి. 1 గంట 18 నిమిషములకు ఓడ ముందుభాగము దిబ్బపై కెక్కెను. ఆ దిబ్బ పేరు షాబ్ అబూ నుహాస్.

దీపస్తంభము దాటిన పిమ్మట నావికునికి ఆధారములు మూడే: దిక్సూచి, వేగము, గడియారము. ఈ మూటితో తానెక్కడ నున్నాడో లెక్కకట్టుకొనవలెను. దిక్కులో ఒక్క డిగ్రీ తేడా వచ్చినచో 60 మైళ్లు పోవుసరికి ఒక మైలు ప్రక్కకు తొలగుదురు. ప్రవాహము ఓడను ప్రక్కకు నెట్టినచో దిక్సూచి ఆ సంగతిని చెప్పనే చెప్పదు. ఓడ యినుమే దిక్సూచి ముల్లును తనవైపునకు లాగుకొనును. ఆ లాగుడును అయస్కాంతములతో సరిదిద్దు పద్ధతిని ఏరీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు అంతకు ముప్పదియేండ్లకు పూర్వమే చూపియుండినను, సరిదిద్దిన పిమ్మట మిగిలిపోవు స్వల్పదోషమును నావికుడు తన లెక్కలో చేర్చుకొనుచునే యుండవలెను. విశాలసముద్రమున ఒక మైలు తేడా లెక్కకు రాదు. ఆ జలసంధిలో అది ప్రాణములతో సమానము.

మఱి ఆ దిబ్బ ముందుగా ఏల కనబడలేదు? పగడపు పురుగు తన దేహములో సూక్ష్మమైన పాచిని పోషించును. ఆ పాచి సూర్యరశ్మితో ఆహారము వండిపెట్టును. వెలుతురు చాలనిచో రెండును బ్రతుకవు గనుక పగడపు దిబ్బ వెలుతురునకై పైపైకి పెరుగును. నీరు దాటి పైకి వచ్చినచో ఎండి చచ్చును గనుక ఆటు మట్టము దగ్గర ఆగిపోయి, అటనుండి ప్రక్కలకు పెరుగును. నదులు పడని, బురద యెఱుగని, వెచ్చని ఎఱ్ఱసముద్రము పగడమునకు పుట్టిల్లు. ఇట్లు పెరిగిన దిబ్బ పైన బల్లపరుపుగ, నీటిమట్టమునకు కొంచెమే దిగువగ నుండి, వెలుపలి అంచున కోటగోడవలె నిటారుగ లోతునకు దిగిపోవును. ఇసుకమేట యైనచో ఓడకు అడుగు క్రమముగా తగులును, కొలతత్రాడు ముందుగానే హెచ్చరించును. పగడపు గోడ యట్టి హెచ్చరిక నీయదు. గాలి నెమ్మదించిన రాత్రి అలలు విఱిగి నురుగు లేచుటయు స్వల్పమే.

ఈ ఆకారమునే మనస్సులో నుంచుకొనవలెను. ఓడ ముందుభాగము బల్లపరుపు దిబ్బపై కూర్చున్నది. వెనుకభాగము గోడ యంచుదాటి లోతునీటిపై నున్నది.

తెల్లవారెను. కెప్టెను ఓడనంతయు పరీక్షించెను. లోనికి నీరు వచ్చుచున్నను పంపులు దానిని తోడివేయుచుండెను, బాయిలర్లు మండుచుండెను. బరువు తగ్గించుటకు ప్రత్తిబేళ్లను నీటిలో పడవేసిరి. షద్వాన్ దీవికి ప్రయాణికులను చిన్నపడవలలో పంపుటయా, ఓడలోనే ఉంచుటయా? అదే కంపెనీకి చెందిన సుమాత్రా అను ఓడ సూయజుకు పోవుచు ఆ దారినే రావలసియుండెను. నిలకడగా నున్న ఓడను విడిచి జనులను పడవలలో ఎక్కించుట అనవసరపు సాహసమని అతడు తలచెను. ప్రయాణికులు తమ్మును దింపుమని కోరిరి, అతడు సమ్మతింపలేదు. ఆ రాత్రి భోజనములు యథాప్రకారము జరిగినవట.

ఇప్పుడు ఇనుము సంగతి. నీటిలో తేలు ఓడను నీరు దాని పొడవునంతటను క్రిందినుండి మోయును. ఎచ్చట బరువు హెచ్చో అచ్చట కొంచెము లోతుగ దిగును, అంతే. దిబ్బ పట్టుకొన్న ఓడ స్థితి అట్టిది కాదు. కావడిబద్దను తలచుకొనుడు: నడుమ భుజము మోయుచుండగా ఇరుకొసలను బరువులు క్రిందికి లాగును, బద్ద పైభాగము సాగును, క్రిందిభాగము కుదించుకొనును, కుండలలో నీరు హెచ్చినకొలది బద్ద వంగును. కర్నాటిక్‌కు దిబ్బ యంచు భుజమైనది. వెనుకభాగము నీటిలో తేలుచున్నంతవఱకు ఆ కొసను నీరు కొంత మోసిపెట్టెను. లోనికి నీరు చేరినకొలది ఆ భాగము తేలుట మాని వ్రేలాడసాగెను. పంపులు నీటిని తోడి ఓడను మునుగకుండ కాపాడుచున్నవని పైవారు చూచుచుండిరి. ఆ నీరే బద్దకు కట్టిన కుండయని చూడవలసియుండెను.

అంతతో పోలేదు. ఎఱ్ఱసముద్రపు ఆటుపోటులు పెద్దవి కాకున్నను, దినమునకు రెండుమారులు నీరు పొంగి వెనుకభాగము నెత్తును, రెండుమారులు తగ్గి దింపును. ఇక అలలు క్షణక్షణము ఎత్తిదింపుచునే యుండును. సన్నని ఇనుపతీగను ఒక్కమారు వంచినచో విఱుగదు. ఇటు అటు పదేపదే వంచినచో, అంత బలము పెట్టకయే, పుటుక్కున తెగును. ఆ సంవత్సరములలోనే జర్మనీలో ఆగస్ట్ వోలర్ అను ఇంజనీరు రైలు ఇరుసులను యంత్రములపై లక్షలమారులు వంచి, ఒక్కసారిగా పెట్టిన బరువునకు చెక్కుచెదరని లోహము, దానికంటె తక్కువ బరువు మాటిమాటికి మోయుటచే విఱుగునని నిరూపించుచుండెను. ఓడ రేకులను కలుపు రివెట్లకై తొలిచిన రంధ్రముల వరుసలు ఇట్టి అలసట మొదట తలచూపు చోట్లు. చెక్క యైనచో కిఱ్ఱుమని ముందుగా మొఱపెట్టును. ఇనుము మౌనముగా భరించి, భరింపలేని క్షణమున ఒక్కమారే పోవును.

జోన్స్ అనుభవము లేనివాడు కాడు, పిఱికివాడును కాడు. తన కంటికి కనబడిన గుఱుతులను బట్టి అతడు తీర్పు చెప్పుకొనెను. ఆ గుఱుతులన్నియు నీటిని గూర్చినవి. ఇనుమును గూర్చిన గుఱుతు అతని కొక్కటియు లేదు. అయినను సుమాత్రా సాయంకాలమునకు కానరాకపోయిన పిమ్మట, సముద్రము నెమ్మదిగ నున్న ఆ తొలిరాత్రియే, ఆడువారినైన దీవికి చేర్చకపోవుటను నేను సమర్థింపజాలను.

14వ తేది తెల్లవారుజామున రెండు గంటల వేళ నీరు పంపులను మించి బాయిలర్లకు చేరి నిప్పు నార్పెను. ఆవిరి లేదు, పంపులు లేవు, దీపములు లేవు. అందఱును చీకటిలో కూర్చుండిరి. పగలు పదకొండు గంటలకు గాని కెప్టెను పడవలెక్కుటకు అనుమతి నీయలేదు. ఆనాటి ఆచారము ననుసరించి ముందుగా స్త్రీలు ముగ్గురును, ఒక పసిబిడ్డయు పడవలో కూర్చుండిరి. వారు కూర్చుండిరో లేదో, ఓడ నడుమకు విఱిగెను. వెనుకభాగము జాఱి లోతునకు పోయెను. ముందుభాగము ప్రక్కకు ఒఱగి జనులను నీటిలోనికి విసరెను. ప్రయాణికులలో ఐదుగురు, పనివారిలో 26 మంది మునిగిపోయిరి.

బ్రతికినవారు ఒకరినొకరు లాగుకొని, పడవలను దిబ్బమీదుగా ఈడ్చుకొని షద్వాన్ దీవి చేరిరి. ఆ దీవిలో నీడనిచ్చు చెట్టు లేదు. కాని ముందటి దినము ఓడనుండి పాఱవేసిన ప్రత్తిబేళ్లు కొన్ని వారికంటె ముందుగా తీరమునకు కొట్టుకొనివచ్చి యుండెను. తడిసిన బట్టలతో వణకుచున్నవారు బేళ్లు విప్పి ప్రత్తిని కప్పుకొనిరి. మఱికొంత ముట్టించి మంట వేసిరి. సుమాత్రా వారిని కనుగొని, ఎక్కించుకొని సూయజుకు చేర్చెను.

విచారణసభ కెప్టెను అజాగ్రత్తను తప్పుపట్టి, అతని అధికారపత్రమును తొమ్మిది నెలలు నిలిపివేసెను. ఓడ మునిగిన కొలది వారములకే, నవంబరు 17న, సూయజు కాలువ తెఱచిరి. అలెగ్జాండ్రియాలో దిగి సూయజులో ఎక్కు అవసరమే పోయెను.

బంగారము మాట మిగిలినది. బీమాదారులు పంపిన గజయీతగాండ్రలో స్టీఫెన్ సాఫ్రీ యనువాడు ముఖ్యుడు. రాగి శిరస్త్రాణము, రబ్బరు పూసిన గుడ్డ తొడుగు, సీసపు జోళ్లు. పైన పడవలో మనుష్యులు చేతిపంపుతో కొట్టెడి గాలియే అతని ఊపిరి. ఓడ నేడున్న 25 మీటర్ల లోతున పీడనము మనము భూమిపై మోయుదానికి మూడున్నర రెట్లు. ఆ పీడనమున నత్రజని వాయువు రక్తములో ఎక్కువగా కరగును. గోలీసోడా గోలీని నొక్కగానే బుడగలు పొంగినట్లు, మనిషి వేగముగా పైకి వచ్చినచో ఆ వాయువు నరములలో, కీళ్లలో బుడగలై పొంగును. దీనికి కారణమును పాల్ బెర్ట్ 1878లో వివరించెను. ఎంత లోతునుండి ఎంత మెల్లగా రావలెనో పట్టిక వేసి చూపినవాడు హాల్డేన్, 1908లో. సాఫ్రీ 1869లో దిగెను. ఆ పట్టిక లేకయే, నీటిలో ఒఱగిన ఓడలో చేతులతో తడవుకొనుచు అతడును తోడివారును 32,000 పౌనుల వఱకు వెలికి తీసిరి. స్థానికులైన అరబ్బులు తొడుగులేమియు లేకయే మునిగి రాగిరేకులను పైకి తెచ్చిరి. అరబ్బీ భాషలో నుహాస్ అనగా రాగి. దిబ్బకు ఆ పేరు ఈ రేకులవలననే వచ్చినదని అక్కడి వారు చెప్పుకొందురు.

జూల్స్ వెర్న్ 1872 నాటి ప్రయాణముగా కల్పించిన ఎనుబది దినముల భూప్రదక్షిణ కథలో, హాంకాంగునుండి యొకోహామాకు నౌకరు పాస్పార్తూను మోసికొనిపోయిన ఓడ పేరు కర్నాటిక్. అసలు ఓడ అప్పటికి మూడేండ్లుగా నీటి యడుగున నున్నది.

1984లో గజయీతగాండ్రు దానిని మరల గుర్తించిరి. ఎడమప్రక్కకు ఒఱగి, దిబ్బకు సమాంతరముగ పడియున్నది. చెక్కనేలలను ఓడపురుగు ఎన్నడో తినివేయగా ఇనుప ప్రక్కటెముకలు మిగిలినవి. వాని సందులలోనుండి సూర్యకిరణములు వాలుగా దిగుచుండగా, గాజువలె పారదర్శకమైన చిఱుచేపలు వేలకొలది ఒక్క ప్రాణివలె తిరుగుచుండును. ముందుభాగము ఆకారము చెడలేదు. వెనుకభాగమున చుక్కానియు, మూడు రెక్కల చోదకచక్రమును ఉన్నచోటనే యున్నవి. వాని నడుమ మాత్రము రేకులు, పైపులు కుప్పగా కూలి, ఏది యేదియో పోల్చుకొనరాకుండ నున్నది. కావడిబద్ద విఱిగిన చోటు అదియే.